భయపడటం తెలిసినవాడు

'ద క్యాట్ అండ్ ద కెనరీ' గురించి ఎవరు రాసినా ముందు ఇంటి గురించి రాస్తారు. రాయదగ్గ ఇల్లే అది. కార్ల్ లెమ్లీ పిలుపు మీద జర్మనీ నుంచి యూనివర్సల్ స్టూడియోకి వచ్చిన పాల్ లెనీ అమెరికాలో తీసిన మొదటి సినిమా ఇది. విడుదలైంది 1927లో. దుమ్ము పట్టిన సాలెగూళ్లను ఒక చెయ్యి తుడుస్తూ పోతుంటే, వెనక నుంచి సినిమా పేరు బయటపడుతుంది. హడ్సన్ నది ఒడ్డున గుట్ట మీదున్న భవంతి బురుజులు మన కళ్ల ముందే పెద్ద పెద్ద మందు సీసాలుగా మారతాయి. ఆ సీసాల మధ్య ముసలి కోటీశ్వరుడు సైరస్ వెస్ట్ కుర్చీలో ముడుచుకుని ఉంటాడు. చుట్టూ అతన్ని మించిన సైజులో నల్లపిల్లులు. ఆస్తి కోసం కాచుక్కూర్చున్న బంధువులే ఆ పిల్లులు.

అక్కడి నుంచి పొగడ్తలన్నీ వరసగా వెళ్లిపోతాయి. గాలికి ఊగే తెల్లని కర్టెన్ల మధ్య నడవాలో కెమెరాను దెయ్యంలా తిప్పిన గిల్బర్ట్ వారెంటన్‌కు కొన్ని. తర్వాత నాలుగేళ్లకు 'డ్రాక్యులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' సెట్లు వేసిన కళాదర్శకుడు చార్లెస్ డి. హాల్‌కు కొన్ని. హీరోయిన్ లారా లా ప్లాంట్ నిద్రలో ఉండగా మంచం వెనక గోడలోంచి వచ్చి మెడలోని నగ లాక్కుపోయే ఆ గోళ్ల చేతికి కూడా చరిత్రలో చోటుంది. చివరికి మిగిలేవాడు గుండ్రటి కళ్లద్దాలు పెట్టుకుని సినిమా పొడుగునా బిక్కచచ్చిపోయి తిరిగే పాల్ జోన్స్. ఆ పాత్ర వేసిన క్రైటన్ హేల్ గురించి ఒక వాక్యం రాస్తే ఎక్కువ. ఆ వాక్యం కూడా సాధారణంగా 'హెరాల్డ్ లాయిడ్‌ను గుర్తుచేస్తాడు' అన్న ధోరణిలోనే ఉంటుంది.

నా మటుకు, ఆ ఇల్లు భయపెడుతోందంటే సగం కారణం అతనే.

కథ క్లుప్తంగా చెప్పాలి. సైరస్ వెస్ట్ తన విల్లును తను పోయిన ఇరవై ఏళ్లకు, అర్ధరాత్రి పన్నెండింటికి విప్పాలని రాసి చచ్చిపోయాడు. ఆ రాత్రి రానే వచ్చింది. లాయర్ క్రాస్బీ ఇనప్పెట్టె తెరిస్తే లోంచి ప్రాణంతో ఉన్న చిమ్మెట ఎగిరి వస్తుంది. ఇరవై ఏళ్లుగా మూసి ఉన్న పెట్టెలో బతికున్న పురుగు! అంటే ఎవరో ఈమధ్యే తెరిచారన్నమాట. బంధువులు ఒక్కొక్కరే దిగుతారు. ఆస్తంతా యానబెల్ (లారా లా ప్లాంట్) అనే అమ్మాయికి, అయితే ఆమె మతి స్థిమితంగా ఉందని డాక్టరు ఆ రాత్రే తేల్చాలి. లేదంటే ఆస్తి రెండో కవరులో పేరున్న మనిషికి పోతుంది. ఆ పేరు చెప్పబోతూ లాయరు మాయమవుతాడు. పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకున్న 'పిల్లి' అనేవాడొకడు ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నాడని కాపలాదారు వచ్చి చెబుతాడు. దోషి ఎవరో ఇక్కడ చెప్పను. దాదాపు వందేళ్ల పాతదైనా, ఆ గుట్టు దాచడానికి సినిమా పడ్డ శ్రమకు ఆమాత్రం మర్యాద ఇవ్వాలి.

'రాజుగారి గది', 'ఆనందో బ్రహ్మ' చూసిన మనకు ఈ సరుకు కొత్తేం కాదు. పాడుబడ్డ ఇల్లు, డబ్బు ఆశ, ఒక రాత్రి, ఒక పిరికివాడు. కానీ 1927 నాటికి ఈ మిశ్రమం అమెరికా రంగస్థలం మీద దండిగా డబ్బు చేసుకుంటున్నా, తెర మీద ఇంకా పాకం కుదురుతున్న దశలోనే ఉంది. జాన్ విలర్డ్ రాసిన ఈ నాటకం బ్రాడ్వేలో 1922లో ఆడింది. అక్కడ పాల్ జోన్స్ వేసింది హెన్రీ హల్. నాటకంలో పిరికివాడికి ఒక పెద్ద సౌకర్యం ఉంటుంది, మాట. భయం వేసినప్పుడల్లా ఒక చెణుకు విసరొచ్చు, జనం నవ్వుతారు, నవ్వు అయ్యేలోగా ఊపిరి తీసుకోవచ్చు. మూకీలో ఆ దారి మూసుకుపోయింది. టైటిల్ కార్డు మీద నాలుగు మాటలు పడతాయి, అవీ ఎప్పుడో ఒకసారి. ఈ సినిమాలో లెనీ ఆ కార్డులను కూడా ఊరికే వదల్లేదు. అక్షరాలు వణుకుతాయి, ఉబ్బుతాయి, కేక పెట్టినట్టు మీదికి వస్తాయి. కేకలు అక్షరాలే పెట్టేస్తే ఇక నటుడు చేసేదేమిటి? హేల్ పని అక్కడ మొదలవుతుంది. అక్షరం అరుస్తుంటే అతను అరుపును మింగుతాడు.

అతనెవరో చెప్పాక మళ్లీ తెర దగ్గరికి వద్దాం. ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంలో 1882లో పుట్టాడు. అసలు పేరు పాట్రిక్ ఫిట్జెరాల్డ్. రంగస్థలం నుంచి సినిమాల్లోకి వచ్చాడు. 1914లో పెర్ల్ వైట్‌తో 'ది ఎక్స్‌ప్లాయిట్స్ ఆఫ్ ఎలేన్' అనే సీరియల్‌లో పరిశోధకుడి వెంట తిరిగే పత్రికా విలేఖరి జేమ్సన్ వేషం వేశాడు. వారం వారం ఒక గండం, ఒక రక్షణ. ప్రమాదం వైపు పరుగెత్తడం అతను నేర్చుకుంది ఈ బడిలోనే. 1920లో గ్రిఫిత్ తీసిన 'వే డౌన్ ఈస్ట్'లో సీతాకోకచిలుకల వల పట్టుకు తిరిగే మతిమరుపు ప్రొఫెసర్ అతనే. తర్వాత అదే దర్శకుడి 'ఆర్ఫన్స్ ఆఫ్ ద స్టార్మ్'లో పికార్డ్. 1924లో లూబిచ్ తీసిన 'ద మ్యారేజ్ సర్కిల్'లో స్నేహితుడి భార్యను లోలోపల ప్రేమిస్తూ, ఆమె ప్రతి చూపునూ తనకు అనుకూలంగా అర్థం చేసుకునే డాక్టర్ ముల్లర్. సాహసం సీరియల్‌లో, వెర్రిబాగులతనం గ్రిఫిత్ దగ్గర, తప్పు చోట మర్యాదగా నిలబడే కళ లూబిచ్ దగ్గర పట్టుబడ్డాయి. పాల్ జోన్స్‌లో ఈ మూడూ కలిశాయి. సినిమా విడుదలయ్యేనాటికి అతనికి 45 ఏళ్లు. సరసన లారా లా ప్లాంట్‌కు 22. చూస్తున్నప్పుడు ఈ లెక్క గుర్తురాదు, అదీ పనితనమే. కుర్రతనాన్ని అతను ముఖంలో చూపడు, మోకాళ్లలో చూపుతాడు.

ముందుగా కళ్లద్దాల సంగతి. హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ కళ్లద్దాలు అప్పటికి ప్రపంచమంతటికీ తెలుసు, వాటి నీడ నుంచి తప్పించుకోవడం ఎవరికైనా కష్టం. అయితే లాయిడ్ కళ్లద్దాలు ముందుకు దూసుకెళ్లే కుర్రాడివి. వాటి వెనక కళ్లు ఎప్పుడూ ఏదో ఒక గురి మీద ఉంటాయి, మేడ ఎక్కాలి, అమ్మాయిని మెప్పించాలి, ఉద్యోగం కొట్టాలి. హేల్ కళ్లద్దాల వెనక కళ్లకు గురి ఉండదు. అవి చూడటానికి ఇష్టపడని కళ్లు. తల ఒకవైపు తిరుగుతుంది, చూపు రెండోవైపు ఆగిపోతుంది. గుండ్రటి ఫ్రేములు ఆ చూపును రెండు గుడ్లుగా గీసి పెడతాయి కాబట్టి చీకటి సెట్‌లో, దూరపు షాట్‌లో కూడా అతనెటు చూస్తున్నాడో, ఎటు చూడటం లేదో మనకు తెలుస్తుంది. వారెంటన్ వెలుగునీడల ఆటలో మిగతా ముఖాలు మసకబారినా, ఈ రెండు వలయాలు మెరుస్తూనే ఉంటాయి.

రెండోది, శరీరాన్ని రెండుగా విడగొట్టుకోవడం. పాల్ జోన్స్ నడుము పైభాగం పెద్దమనిషిది. నడుము కిందిభాగం పారిపోతున్నవాడిది. యానబెల్ ఎదుట ఉన్నప్పుడు ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. ఆమెకు చిన్నప్పటి నేస్తం అతను, ఆమె ఎదుట బెదిరినట్టు కనబడకూడదు. చేతులు ధైర్యం చెబుతుంటాయి, పాదాలు మాత్రం తలుపు దారి వెతుకుతుంటాయి. సాధారణంగా మూకీ హాస్యనటులు భయాన్ని నిలువెల్లా చూపిస్తారు. జుట్టు నిక్కబొడుచుకుంటుంది, మోకాళ్లు కొట్టుకుంటాయి, ఒళ్లంతా ఒకేసారి కంపిస్తుంది. నవ్వొస్తుంది, మరుక్షణం మరిచిపోతాం. హేల్ భయాన్ని దాచే ప్రయత్నాన్ని నటిస్తాడు. పెద్దల పూజలో తుమ్ము ఆపుకుంటున్న పిల్లాడిని చూసినట్టుంటుంది. మన కళ్లు తుమ్ము మీద ఉండవు, ఆపుకోవడం మీద ఉంటాయి.

షూటింగ్‌లో లెనీ పెద్ద కంచు గంట ఒకటి పెట్టుకుని, అవసరమైనప్పుడు హఠాత్తుగా మోగించి నటులను ఉలిక్కిపడేలా చేసేవాడని వారెంటన్ తర్వాతి రోజుల్లో గుర్తు చేసుకున్నాడు. సరదా కబురే. దీన్ని చెప్పుకుని నటుల భయమంతా దర్శకుడి గంట ఖాతాలో వేసేయడం మాత్రం అన్యాయం. గంట ఉలికిపాటు తెస్తుంది, అర సెకను పని. ఉలిక్కిపడ్డాక ఏం చేయాలో గంట చెప్పదు. ఉలికిపాటును సిగ్గుగా మార్చుకోవడం, సిగ్గును నవ్వుగా సర్దుకోవడం, ఆ నవ్వు ముఖం మీద ఉండగానే వెనక తలుపు కదిలిందేమోనని అనుమానం రావడం, ఇదంతా నటుడి సొంత లెక్క. ఆ లెక్కలో హేల్ అరుదుగా తప్పుతాడు.

అతని కాలపట్టు గురించి ఒక మాట. భయపెట్టే దృశ్యంలో హాస్యనటుడికి ఒక ప్రమాదం ఉంది. ప్రేక్షకుడికంటే ముందే భయపడితే గుట్టు విప్పేసినవాడవుతాడు. మనతోపాటే భయపడితే మన భయాన్ని నవ్వులోకి లాగేస్తాడు, దర్శకుడు కట్టుకున్న బిగువంతా కారిపోతుంది. హేల్ ఎక్కువగా ఒక అడుగు వెనకబడతాడు. ఉలికిపాటు ముందు మనది, తర్వాత అతనిది. మన గుండె కుదుటపడే వేళకు అతనికి విషయం తలకెక్కుతుంది. ఆ వెనకబాటు వల్ల ఒకే సంఘటన రెండుసార్లు పనికొస్తుంది, ఒకసారి దడగా, ఒకసారి నవ్వుగా. హారర్ కామెడీ అనే వంటకంలో కష్టమంతా ఈ వరస దగ్గరే ఉంది. ఇప్పటికీ చాలామంది రెండూ ఒకే గిన్నెలో పోసి కలిపేస్తున్నారు.

చుట్టూ ఉన్న నటవర్గం చిన్నదేం కాదు. మామీ ప్లెజెంట్ అనే పనిమనిషిగా మార్తా మాటాక్స్ ముఖకండరం కదపదు. లాయరుగా టల్లీ మార్షల్ ముఖమంతా ముడతల భాషే. సుసాన్ అత్తగా ఫ్లోరా ఫించ్ ఉంది. జాన్ బన్నీతో జంటగా విటాగ్రాఫ్ సంస్థ పొట్టి కామెడీలను నడిపిన పాత చెయ్యి ఆమె, కనుబొమ్మ ఎగరేస్తే చాలు దృశ్యం ఆమెదైపోతుంది. డాక్టర్ లాజర్‌గా లూసియన్ లిటిల్‌ఫీల్డ్ వేసుకున్న వేషం సాక్షాత్తూ 'కాలిగారి' సినిమాలోని డాక్టరుకు సలాం. వీళ్లందరూ ఒక్కొక్క రంగు పట్టుకుని చివరిదాకా దాన్నే నిలబెట్టుకునే నటులు. ఒకరు గంభీరం, ఒకరు గయ్యాళితనం, ఒకరు అనుమానం. హేల్‌కు సొంత రంగు ఉండకూడదు, అందరి రంగూ అతని మీద పడాలి. విల్లు చదివే దృశ్యంలో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లను చూడండి. ఒకరి మాటకు మిగతావాళ్లు ఎలా మారుతున్నారో తెలుసుకోవాలంటే మనం తెలియకుండానే అతని ముఖం వైపు చూస్తాం. ఇల్లు ఎంత పెద్దదో, తలుపు ఎంత దూరమో, చీకటి ఎంత చిక్కగా ఉందో అతని భుజాలు చెబుతాయి. హాల్ వేసిన సెట్‌కు కొలబద్ద ఈ మనిషే.

మంచం కింద దాక్కునే ఘట్టం అందరికీ గుర్తుండేది. సుసాన్ అత్త, బంధువుల్లో ఒకరైన సెసిలీ పడుకునే గదిలోకి తెలియక దూరి, వాళ్లు వచ్చేసరికి మంచం కింద చేరతాడు. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే ప్రయత్నంలో ఉంటారు. పైన వాళ్లు, కింద ఇతను. ఇది నాటకాల నాటి పాత చమత్కారమే, ఇవాళ చూస్తే కాస్త వెగటుగానూ ఉంటుంది, నిడివీ ఎక్కువే. లెనీకి ఇలాంటి గిలిగింత హాస్యం మీద పట్టు లేదని నా అభిప్రాయం, అతని మనసంతా నడవాల్లోనే ఉంది. ఇంత బరువైన ఘట్టాన్ని ఈడ్చుకొచ్చింది హేల్ ఒక్కడే. మామూలుగా ఇలాంటి చోట నటుడు కన్నుకొట్టే చూపు చూస్తాడు, ప్రేక్షకుణ్ని తన దొంగచూపులో భాగస్వామిని చేసుకుంటాడు. హేల్ చూపులో ఆ జల్సా పెద్దగా ఉండదు. బయట దెయ్యమో పిచ్చివాడో, లోపల పరువు. ఏది పెద్ద ప్రమాదమో తేల్చుకోలేని మనిషిగా పడి ఉంటాడు. గ్రిఫిత్ ప్రొఫెసరు ఇక్కడ అక్కరకొచ్చాడు. ఆ అమాయకత్వం లేకపోతే ఈ ఘట్టం సినిమా మధ్యలో ఒక మరకగా మిగిలేది.

అసలు పరీక్ష ఆ తర్వాత ఉంది. నగ పోయింది, లాయరు జాడ లేదు, యానబెల్ చెప్పేది నమ్మడానికి మిగతావాళ్లు సిద్ధంగా లేరు. ఆమెకు మతి తప్పిందనే మాట గదిలో గట్టిపడుతోంది. గోడలో రహస్యపు పలక కదిలి అందులోంచి క్రాస్బీ శవం ముందుకు వాలిపడే క్షణం మూకీ భయానక సినిమాల్లో గొప్ప దెబ్బల్లో ఒకటి. కాసేపటికి వెళ్లి చూస్తే శవమూ లేదు. పాల్ ఆ గోడ వెనక దారిలోకి వెళ్తాడు, వెనక పలక మూసుకుపోతుంది.

ఇక్కడ హేల్ చేసిన మార్పు గమనించాలి. ఇంతసేపూ అతని భయానికి చూసేవాళ్లున్నారు. యానబెల్ ఎదుట దాచాలి, బంధువుల ఎదుట సర్దుకోవాలి. ఇప్పుడు ఎవరూ లేరు. దాచాల్సిన అవసరం పోయేసరికి నవ్వు కూడా పోతుంది. నడుము పైనా కిందా అని ఇంతసేపు విడిపోయి ఉన్న శరీరం ఒకటవుతుంది. ఆ ఇరుకు దారిలో 'పిల్లి' అతని మీద పడి కొట్టి, చచ్చాడనుకుని వదిలేసి పోతుంది. స్పృహ వచ్చాక లేచి వెళ్లేవాడిలో 1914 నాటి సీరియల్ మనిషి కనిపిస్తాడు. మరీ వీరుడైపోడు, అది ముఖ్యం. పిరికివాడు హఠాత్తుగా సింహమైపోయే ముగింపులు సినిమాల్లో కోకొల్లలు, అవి నమ్మబుద్ధి కావు. హేల్ పోట్లాట చేతగానివాడి పోట్లాటే. పోలీసులు వచ్చేదాకా వదలకుండా పట్టుకుని వేలాడటమే అతని పరాక్రమం. ఆ ఆఖరి కొట్లాట కట్ చేసిన తీరు హడావుడిగా ఉందనేది నిజం. లెనీ భవంతికి పెట్టిన శ్రద్ధలో పదోవంతు దీనికి పెట్టలేదు.

తర్వాతి కథలో అన్యాయం కనిపిస్తుంది. లెనీ 1929లో రక్తం విషపూరితమై 44 ఏళ్లకే చనిపోయాడు. అదే ఏడాది హేల్ మరో విదేశీ దర్శకుడు, డెన్మార్క్‌వాడైన బెంజమిన్ క్రిస్టెన్సెన్ తీసిన 'సెవెన్ ఫుట్‌ప్రింట్స్ టు సేటన్'లో థెల్మా టాడ్ సరసన మళ్లీ వింత భవనంలో చిక్కుకున్న పెద్దమనిషి వేశాడు. చాలాకాలం పోయిందనుకున్న ఆ సినిమా ఇటలీలో దొరికిన ప్రతి వల్ల ఇప్పుడు చూడగలుగుతున్నాం. అంతలో టాకీ వచ్చింది. 'క్యాట్ అండ్ ద కెనరీ'ని 1930లో యూనివర్సలే మాటలతో 'ద క్యాట్ క్రీప్స్' పేరుతో తీసింది, హేల్‌ను తీసుకోలేదు. ఆ సినిమా ఇప్పుడు దొరకడం లేదు. 1939లో పారమౌంట్ మళ్లీ తీసినప్పుడు పిరికి కథానాయకుడు బాబ్ హోప్. భయం వేసినప్పుడల్లా ఒక జోకు. ఆ సినిమాతో హోప్ జాతకమే మారిపోయింది. హోప్ ప్రతిభను తక్కువ చేయను. కానీ అతను గెలిచింది మాటతో, నాటకంలో మొదటి నుంచీ ఉన్న ఆయుధంతో. మాట తీసేసి అదే పాత్రను నిలబెట్టినవాడు అప్పటికి వార్నర్ బ్రదర్స్ సినిమాల్లో పేరు కూడా పడని చిన్న వేషాలకు దిగిపోతున్నాడు. 1941లో 'ద మాల్టీస్ ఫాల్కన్'లో అధికారి గదిలో మాటలు రాసుకునే గుమాస్తా అతనే. 1942లో 'కాసాబ్లాంకా' జూదశాల గుంపులోనూ ఉన్నాడు. హంఫ్రీ బోగార్ట్ అభిమానులు ఆ రెండు సినిమాలనూ కంఠతా పట్టారు, ఇతని ముఖాన్ని మాత్రం చూడకుండానే దాటేసి ఉంటారు. 1965లో కన్నుమూశాడు.

ఇలా ఎందుకు జరిగిందంటే టాకీ వచ్చిందని చెప్పి ఊరుకోవచ్చు. నాకు మరో కారణం కూడా తోస్తుంది. భవంతిని ఫోటో తీసి పుస్తకంలో వేయొచ్చు. గోడలోంచి వచ్చిన చేతిని వేయొచ్చు. హేల్ పనిని ఫోటో తీయలేం. అది ఒక ముఖకవళిక నుంచి మరో ముఖకవళికకు జారే మధ్యలో ఉంటుంది. ఆపిన ఫ్రేములో అతను వట్టి కళ్లద్దాల బెదురుగొడ్డు. సినిమా చరిత్ర పుస్తకాలు ఆపిన ఫ్రేములతో తయారవుతాయి కదా.

సినిమా సుమారు గంటా ఇరవై నిమిషాలు. అమెరికాలో దీని మీద ఇప్పుడు కాపీరైట్ లేదు, ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. మాసిపోయిన కాపీలూ, మరీ వేగంగా పరుగెత్తే కాపీలూ ఉన్నాయి. వాటిలో హేల్ కోతిచేష్టలు చేస్తున్నట్టు కనబడతాడు, అది అతని తప్పు కాదు. కొంచెం వెతికి బాగుచేసిన ప్రతి, సంగీతం జోడించినది చూడండి. మొదటిసారి ఇంటిని చూడండి, దోషిని కనిపెట్టండి. రెండోసారి విల్లు చదివే బల్ల దగ్గర నుంచి గోడ వెనక దారిదాకా ఆ కళ్లద్దాల మనిషిని మాత్రమే చూడండి.